చేయని పనికి కృతజ్ఞతల ఫ్లెక్సీ

ఫోన్లోనే ఫ్లెక్సీ డిజైన్ చేసుకుంటున్న ఈ కాలం పిల్లలకు నా ఉద్యోగం ఏమిటో చెబితే నవ్వుతారు. నేను ముఖాలు కొలిచేవాణ్ణి. ప్రొద్దుటూరులో ఒక ఫ్లెక్సీ షాపులో కంప్యూటర్ ముందు కూర్చుని, ఎవరి ముఖం ఎంతుండాలో, ఎవరి పక్కన ఎవరుండాలో, ఎవరి చెవి ఎవరి భుజానికి తగలకూడదో చూసుకోవడమే నా పని. ఏళ్ళ తరబడి అదే చేసి, కళ్ళు మసకబారి, ముసలితనం రాకముందే రిటైరయ్యాను. పింఛను లేదు. మెడనొప్పి మాత్రం నెలనెలా ఠంచనుగా వస్తుంది.

మేము కట్టిన ఒక ఫ్లెక్సీ ఆషాఢం గాలికి లేచిపోయి ఎర్రగుంట్ల జంక్షన్లో గూడ్సు బండి మీద పడిందనీ, డ్రైవరు అంత పెద్ద నాయకుడి ముఖం ఎదురుగా కనబడేసరికి బండి ఆపి, కిందికి దిగి దండం పెట్టాడనీ చెబుతారు. చెబుతారంటే, నేనే చెబుతాను. కాబట్టి కింద రాసేదాంట్లో ఎంత నమ్మాలో మీరే చూసుకోండి. ఊరిని కాస్త పక్కకు జరిపాను. నాయకుడికి మీసం మార్చాను. ఆయన ప్రొద్దుటూరు వాడా, జమ్మలమడుగు వాడా, పులివెందుల వాడా అని అడగొద్దు. మూడు ఊళ్ళ వాళ్ళూ నా దగ్గర ఫ్లెక్సీలు వేయించుకున్నవాళ్ళే.

మా పనిలో ఒక కొలత ఉండేది. నాయకుడి ముఖం ఎద్దులబండి చక్రమంత. సంఘం అధ్యక్షుడిది అన్నం తినే పళ్ళెమంత. కార్యదర్శిది గిన్నెంత. సభ్యులందరూ అడుగున వరుసగా, గుండ్రంగా, లడ్డూలంత. ఈ లెక్క తప్పితే గొడవే. కోశాధికారి ముఖం కార్యదర్శి ముఖం కంటే వేలెడు పెద్దదైందని బంగారు అంగళ్ళ వాళ్ళ సంఘం రెండుగా చీలిపోయిందంటే మీరు నమ్మరు. నమ్మకపోయినా పరవాలేదు, రెండో సంఘం కూడా నా దగ్గరికే వచ్చింది.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, నాయకుడి ఇంట్లో రెండు హాళ్ళుండేవి. ముందు హాల్లో ప్లాస్టిక్ కుర్చీలు, లోపలి హాల్లో సోఫాలు. అర్జీ పట్టుకుని వచ్చినవాళ్ళు ముందు హాల్లో కూర్చోవాలి. సంఘాల వాళ్ళు నేరుగా లోపలికి పోతారు. గడప దగ్గర నిలబడే మనిషి అడిగేది ఒకటే మాట: "మీది ఏ సంఘం?" నాయకుడి పుట్టినరోజుకు ఎవరు ఎంత ఫ్లెక్సీ వేయించారో ఆ మనిషికి నోటికి వచ్చు. ఓటు వేయడం వేరు, ఫ్లెక్సీ వేయించడం వేరు అని నాకు అర్థమైంది ఆ గడప దగ్గరే.

ఆ లోపలి హాల్లో పెద్ద సోఫా లారీ ఓనర్ల సంఘం అధ్యక్షుడిది. చుట్టుపక్కల నాపరాళ్ళ గనుల నుంచి పాలిష్ ఫ్యాక్టరీలకు రాయి తోలేది ఆయన సంఘం లారీలే. మీటింగుకు జనాన్ని తోలేదీ అవే. మనిషి సరదా మనిషి. ఓట్ల లెక్కింపుకు ముందు రోజు షాపుకొచ్చి రెండు పార్టీల అభ్యర్థులకూ గెలుపు అభినందనల ఫ్లెక్సీలు కొట్టించేవాడు.

"రెండెందుకన్నా?" అని మొదటిసారి అమాయకంగా అడిగాను.

"గెల్చినోనిది కడ్తాం. ఓడినోనిది తిరగేసి మిరపకాయలారబోసుకుంటాం. నీకెందుకప్పా, కొట్టు."

ఇక అసలు సంగతి. ఒక రోజు ఒక పంతులమ్మ షాపుకు వచ్చింది. పల్లెలో పాత క్రైస్తవ మిషన్ బడికి ఆమె పెద్ద టీచరు. వెంట ఒక దర్జీ భాయ్. కువైట్లో శానా ఏళ్ళు అరబ్బుల పొడుగు చొక్కాలు కుట్టి, తిరిగొచ్చి బడికి ఎదురుగా కుట్టు మిషను పెట్టుకున్నాడు. ఆయన మనవరాలు ఆ బడిలోనే చదువుతోంది.

"ఒక బోర్డు కావల్లప్పా" అంది టీచరమ్మ. "ఇది బడి దారి, లారీలు రాకూడదు. అంతే రాయి."

"ముఖాలెవురెవురివి మేడం?"

"ముఖాలేంది?"

"ఫ్లెక్సీ అంటే ముఖాలుండల్ల కదా. ముఖం లేని ఫ్లెక్సీని ఎవురూ చూడరు. లారీ డ్రైవరు అసలే చూడడు."

ఆమె స్టూలు లాక్కుని కూర్చుంది. గనుల నుంచి వచ్చే లారీలు పెద్ద రోడ్డు మీద చుట్టు తిరిగి పోవడం మానేసి ఊరి మధ్యనున్న దారిలో దూసుకుపోతున్నాయట. అంతకుముందు వారం ఒక లారీ మలుపు తిరుగుతుంటే నాపరాళ్ళు జారి బడి గోడ మీద పడ్డాయి. గోడ కూలిపోయింది. మధ్యాహ్నం అన్నానికి పిల్లలు వరుసలో నిలబడేది ఆ గోడ నీడలోనే. ఆ రోజు గుడ్లు ఉడకడం ఆలస్యమై పిల్లలు ఇంకా తరగతిలోనే ఉన్నారు.

"గుడ్లు ఉడకల్యాదని వంటామెను ఆ పొద్దు తిట్టినాను నేను" అంది టీచరమ్మ.

"నాయకుని దగ్గరికి పోవల్సింది మేడం."

"పోకుంటేనా! ఎన్నిసార్లు పోయినామో. మీది ఏ సంఘమమ్మా అని అడిగినారు. మాది ఊరు సార్ అన్న్యాను. ఊరైతే ఆడ కూర్చోండి అని ప్లాస్టిక్ కుర్చీ చూపించినారు. యానాడూ మా వంతు రాల్యా."

భాయ్ అందుకున్నాడు. "కువైట్లో మనకు పూచీ ఉండే ఆసామిని కఫీల్ అంటారు సాబ్. కఫీల్ లేకుంటే ఆడ మన మాట ఎవురూ వినరు. సరే, అది పరాయి దేశం. ఈడ మన ఊరు, మన ఓటు. ఈడ గూడా కఫీలే కావల్నా?"

నాకు ఒక చిలిపి ఆలోచన తోచింది. నాయకులకు చేసిన పనికి కృతజ్ఞతలు చెప్పే ఫ్లెక్సీలు వందలు కొట్టినవాణ్ణి. చేయని పనికి ఒకటి కొడితే?

"అర్జీ వద్దు మేడం. థాంక్స్ చెప్దాం. బడి దారిలో ఇనుప అడ్డకమ్మి పెట్టించి, లారీలు ఆపించి, మా బిడ్డల ప్రాణాలు కాపాడిన ప్రియతమ నాయకునికి కృతజ్ఞతలు అని రాద్దాం."

"యాడ పెట్టించినాడు? పెట్టించల్యా కదా! నేను అబద్ధం రాయించను. బడి పిల్లోల్లకు ఏం చెప్పల్ల?"

"అబద్ధం కాదు మేడం, రేపటి నిజం."

ఆమె చేతిసంచీ మూతి బిగిస్తూ విప్పుతూ చాలాసేపు ఆలోచించింది. చివరికి తనలో తాను అనుకుంటున్నట్టు, "ప్రార్థనలో మేము అడిగింది దొరక్కముందే స్తోత్రం చెప్తాం. నమ్మకం ఉండాది కాబట్టి. కానీ ఆయన దేవుడు" అంది.

"ఈయన గూడా అట్లే అనుకుంటాండు మేడం" అన్నాను.

భాయ్ పగలబడి నవ్వాడు. టీచరమ్మ నవ్వు ఆపుకుని, సరేనంది. అడుగున వేసే ముఖాలకు మాత్రం తన ఫోటో ఇవ్వనంది. అప్పుడు భాయే అన్నాడు, పిల్లల ఫోటోలు పెట్టమని. బడిలో పిల్లలందరినీ వరుసగా, గుండ్రంగా, లడ్డూలంత చేసి పేర్చాను. ఒకడు నాలుక బయట పెట్టాడు, అట్లే ఉంచాను. ఓటు లేని ముఖాలు ఫ్లెక్సీ ఎక్కడం మా షాపులో అదే మొదలు.

శ్రావణ శనివారం నాయకుడు గండికి పోయి ఆంజనేయస్వామి దర్శనం చేసుకుని, పులివెందుల మీదుగా తిరిగొస్తాడని అందరికీ తెలుసు. జమ్మలమడుగులో ఆయన కారు నెమ్మదించే కూడలి చూసి అక్కడ కట్టాం. భాయ్ ఒక పాలప్యాకెట్ కత్తిరించి నాయకుడి ముఖానికి అభిషేకం చేశాడు. దుడ్లు పెట్టి కొన్న పాలు అని టీచరమ్మ గొణిగింది. నేను నిచ్చెన మీద తాడు ముడి వేస్తున్నాను. కారు వచ్చి ఆగింది.

నాయకుడు అద్దం దించి చదివాడు. మళ్ళీ చదివాడు. నుదుటి మీద గండి సిందూరం ఇంకా తడిగానే ఉంది.

"ఇది ఎప్పుడు చేసినాంరా?" అని వెనక సీటు వాళ్ళను అడిగాడు.

వెనక సీట్లో ముగ్గురు ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. తెలియదంటే తెలియనివాడైపోతాడు, చేయలేదంటే చేయనివాడైపోతాడు. ఒకడు గొంతు సవరించుకున్నాడు. "మొన్ననే సార్. మీరు చెప్పినారు కదా."

"చెప్పినానా?"

"చెప్పినారు సార్" అన్నారు మిగతా ఇద్దరూ.

"శానా మంచి పని చేసినాం" అన్నాడు నాయకుడు. కారు దిగి, పిల్లల ముఖాల పక్కన నిలబడి ఫోటో దిగాడు. నాలుక బయట పెట్టినవాణ్ణి చూసి ముచ్చటపడ్డాడు కూడా.

కారు కదిలీ కదలకముందే వెనక సీటు వాళ్ళు ఇంజనీరుకు ఫోన్లు మొదలుపెట్టి ఉంటారు. ఆ ఊరి కల్వర్టు నా పెళ్ళి నాటి నుంచీ అట్లే విరిగి ఉంది. అడ్డకమ్మి మాత్రం వారం తిరగకముందే లేచింది. దారికి అటూ ఇటూ స్తంభాలు, పైన అడ్డంగా కమ్మి; కింద ట్రాక్టరు పడుతుంది, ఆటో పడుతుంది, లారీ పట్టదు. కమ్మికి నడుమ నాయకుడు పెట్టించినట్టు ఆయన పేరుతో పలక కూడా బిగించారు.

మరుసటి రోజే లారీ సంఘం అధ్యక్షుడు షాపులోకి వచ్చాడు. కూర్చోలేదు.

"నీ పనేనంట కదప్పా?"

"నా పని ప్రింటు కొట్టడమే కదన్నా."

"అయితే నాకూ ఒకటి కొట్టు. వాళ్ళదానికి రెండింతలుండల్ల. అడ్డకమ్మి తీయించి లారీ కుటుంబాలకు ఇంత కూడు పెట్టిన నాయకునికి కృతజ్ఞతలు అని రాయి."

"ఇంగా తీయించల్యా కదన్నా?"

"వాళ్ళు వేయించినప్పుడు కమ్మి ఉండిందా?"

కొట్టి ఇచ్చాను. రేపటి నిజాలు ఎవరికైనా అమ్ముడుపోతాయని అప్పుడే తెలిసింది. కూడలిలో రెండు ఫ్లెక్సీలూ ఎదురెదురుగా నిలబడ్డాయి. నాయకుడు ఇటు నుంచి అటూ, అటు నుంచి ఇటూ తనను చూసి తానే నవ్వుకుంటున్నాడు.

ఈ గొడవ తీర్చడానికి రెండు పక్షాల వాళ్ళనూ ఇంటికి పిలిపించాడు. పుట్టినరోజు అలంకరణకు కొలతలు తీసుకుంటూ నేను లోపలి హాల్లో నిచ్చెన మీదున్నాను. టీచరమ్మనూ, భాయ్‌నూ మొదటిసారి సోఫాలో కూర్చోబెట్టి కాఫీ ఇచ్చారు. ఇద్దరూ అంచున కూర్చున్నారు. అధ్యక్షుడు వెనక్కి వాలి కూర్చున్నాడు.

"మీరిద్దరూ నాకు రెండు కండ్లు" అన్నాడు నాయకుడు. "కమ్మి తీస్తే బిడ్డలకు కష్టం. ఉంచితే లారీలకు కష్టం. అందుకే ఉంటుంది, తీస్తాం. కమ్మికి కీలు పెట్టిద్దాం, పైకి లేస్తుంది. తాళం పెట్టిద్దాం. కావల్సినప్పుడు తీస్తారు, లేనప్పుడు మూస్తారు. ఏం మేడం, బాగుందా?"

"తాళంచెవి యాడుంటుంది సార్?"

నాయకుడు హాలంతా చూశాడు. "బాధ్యత గల సంఘం దగ్గరుంటుంది."

ఆ హాల్లో ఉన్న సంఘం ఒకటే. భాయ్ కాఫీ గ్లాసు కింద పెట్టి టీచరమ్మ చెవిలో అన్న మాట నిచ్చెన మీదికి కూడా వినబడింది. "ఊరికి కఫీల్ దొరికినాడు మేడం."

అప్పటి నుంచి కమ్మి పొద్దున్నే లేచేది, చీకటి పడ్డాక దిగేది. రాత్రి ఎటూ గనుల్లో పని లేదు, లారీలు లేవు. టీచరమ్మ బడి పెట్టే వేళకూ, వదిలే వేళకూ తానే ఈల పట్టుకుని దారి మధ్యలో నిలబడేది. లారీ హారన్‌కు ఆమె ఈల జవాబు. కూలిన గోడ కూలినట్టే ఉంది. పిల్లలు అన్నం తరగతిలోనే తినేవాళ్ళు.

ఎన్నికలొచ్చాయి. కోడ్ రాగానే ఫ్లెక్సీలన్నీ దించేస్తారు, మాకు పని ఉండదు. ప్రచార రథాలకు పక్కన కట్టేవి మాత్రం అనుమతి తీసుకుని కొట్టేవాళ్ళం. నాయకుడి రథానికి కట్టిన గుడ్డ గాలికి చిరిగిందని, దాంతోపాటే తిరుగుతూ కుట్టుకుంటూ ఉండమని నన్ను ఎక్కించుకున్నారు. అప్పటికి లారీ సంఘం అధ్యక్షుడు గాలి చూసుకుని అవతలి పార్టీకి మారిపోయాడు. మిరపకాయలు ఎవరి ముఖం మీద ఆరబోయాలో ముందే తేల్చుకున్నట్టున్నాడు.

మిట్టమధ్యాహ్నం ఆ ఊరి దగ్గరికి వచ్చాం. ఆ రోజు అధ్యక్షుడి లారీలన్నీ అవతలి పార్టీ మీటింగుకు జనాన్ని తోలుతున్నాయి, రాయి తోలడం లేదు. కమ్మి దించి ఉంది. తాళం వేసి ఉంది. నాయకుడు రథం పైన నిలబడి, మైకు చేతిలో పట్టుకుని ఉన్నాడు. మైకు ఆన్‌లో ఉన్న సంగతి ఎవరికీ పట్టలేదు.

"ఏందిరా, ఆపినారు?" ఊరంతా మోగింది.

"బండి పట్టదు సార్, కమ్మి అడ్డముండాది."

"తాళంచెవి ఎవుని దగ్గరుందిరా?"

"అధ్యక్షుని దగ్గర సార్."

"ఫోన్ చెయ్."

"ఎత్తల్యా సార్. ఆ పక్క మీటింగులో ఉన్నాడంట."

ఇండ్లలోంచి జనం బయటికి వచ్చారు. అంత పెద్ద సభ ఆ ఊళ్ళో ఎప్పుడూ జరగలేదు. ఒకడు పగలగొడదాం సార్ అన్నాడు. నాయకుడు కమ్మి వైపు చూశాడు. నడుమ పలక మీద తన పేరే ఉంది. గనుల వైపు నుంచి చుట్టు తిరిగి పోదామని ఇంకొకడన్నాడు. డ్రైవరు తల అడ్డంగా తిప్పాడు. "ఆ రోడ్డు లారీలు తినేసినాయి సార్. పైన నిలబడింది మీరు. పక్కకు ఒరిగితే ఓట్లు మనకే పడ్తాయి గానీ, మీరుండరు." అది కూడా మైకులో పోయింది.

నాయకుడు మైకు ఆపేశాడు. తువ్వాలు తల మీద వేసుకుని దిగాడు. కమ్మి కింద నుంచి తల వంచుకుని ఊళ్ళోకి నడిచాడు. వంచాల్సిన పని లేదు, దాని కింద ట్రాక్టరే పడుతుంది. అయినా వంచాడు. నేను చూశాను.

బడి దగ్గర టీచరమ్మ చెంబుతో నీళ్ళిచ్చింది. ఆయన తాగి, కూలిన గోడ చూశాడు. "ఇది ఎప్పుడు పడిందమ్మా?"

"మీ ఇంట్లో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నానే సార్, దానికి ముందే పడింది."

భాయ్ మిషను దగ్గర నుంచి లేచి వచ్చాడు. మెడలో టేపు అట్లే ఉంది. చేతులు కట్టుకుని, ఎంతో మర్యాదగా అడిగాడు: "ఈ పొద్దు మీది ఏ సంఘం సాబ్?"

ఎవరో ఆడమనిషి కిసుక్కున నవ్వింది. ఊరంతా నవ్వింది. ఆయనకూ నవ్వు వచ్చింది. ఆ ఒక్కదానికి ఆయన్ను మెచ్చుకుంటాను.

"ఈ పొద్దు నాకు ఏ సంఘమూ లేదు భాయ్. నేనొక్కణ్ణే. ఏం కావల్నో చెప్పండి."

"తాళం" అంది టీచరమ్మ. "ఇంకేం వద్దు."

ఊళ్ళో వెల్డింగ్ పని చేసే పిల్లోడొకడు రంపంతో పాత తాళం కోశాడు. అంగట్లో కొత్త తాళం తెచ్చారు. నాయకుడు అందరి ముందు దాన్ని తన చేతుల్తోనే వేసి, చెవి టీచరమ్మ చేతిలో పెట్టాడు. చప్పట్లు కొట్టారు. వెంట వచ్చినవాళ్ళకు హుషారొచ్చింది. "ఇంక కమ్మి ఎత్తండి మేడం, రథం లోపలికి తెస్తాం."

ఆమె చెవిని కొంగున ముడి వేసుకుంది. "బడి టైమప్పా. పెద్ద బండ్లు రాకూడదనే కదా సారు తన పేరుతో ఈ కమ్మి పెట్టించినారు."

నాయకుడు ఆ ఎండలో ఇల్లిల్లూ తిరిగాడు. ఆ ఊళ్ళో ఆయన నడిచిన దారి అంతకుముందు ఐదేళ్ళలో నడిచినదాని కంటే ఎక్కువని భాయ్ అంటాడు. నేను రథం నీడలో కూర్చుని చిరిగిన గుడ్డ కుట్టుకున్నాను.

ఆయన గెలిచాడా, ఓడాడా? చెప్పను. లెక్కింపుకు ముందు రోజు అధ్యక్షుడు వచ్చి రెండు ఫ్లెక్సీలూ కొట్టించుకుపోయాడు, మర్నాడు గెలిచినవాడి లోపలి హాల్లో ఆయన సోఫా ఆయనకు దొరికింది. ఆ హాలు అట్లే ఉంది. గడప దగ్గర అడిగే మాటా అదే. మారింది ఒక్క తాళంచెవి.

కొన్నాళ్ళకు టీచరమ్మ మళ్ళీ షాపుకు వచ్చింది. మొదట ఏం అడిగిందో అదే అడిగింది. ఇది బడి దారి, లారీలు రాకూడదు.

"ముఖాలు మేడం?" అలవాటు కొద్దీ అన్నాను.

"ఎవురి ముఖం పెడితే దారి వాళ్ళదైపోతుందప్పా. వద్దు."

కొట్టి ఇచ్చాను. నా సర్వీసంతటిలో కొలత తీసుకోకుండా కొట్టింది అదొక్కటే. ముఖాలుండాల్సిన చోట ఏం చేయాలో తెలియక తెల్లగా వదిలేశాను. ముఖం లేని ఫ్లెక్సీని ఎవరూ చూడరని ఆమెకు చెప్పినవాణ్ణి నేనే. మొన్న ఆ దారిన పోతూ చూశాను. కమ్మికి కట్టిన ఆ ఫ్లెక్సీ వెలిసిపోయింది, అక్షరాలు మాత్రం ఉన్నాయి. దాని ముందు ఒక నాపరాళ్ళ లారీ ఆగి, మెల్లగా వెనక్కి తిప్పుకుంటోంది. డ్రైవరు దాన్ని చదివాడా, తాళం చూశాడా అని మాత్రం నన్ను అడగొద్దు. చదివాడనే చెబుతాను.